మా టౌన్‌లో మిగిలిన కోవిడ్ నిధులు: మంగళవారం మీటింగులో మూడు నిమిషాల్లో ఏం మాట్లాడాలి?

గోదారిగట్టు (న్యూజెర్సీ), 2024 అక్టోబర్ 14

అందరికీ నమస్కారం. ఇక్కడి లోకల్ గవర్నమెంట్ వ్యవహారాలు తెలిసినవాళ్లు ఈ గ్రూపులో ఉన్నారని ధైర్యం చేసి అడుగుతున్నాను. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మాది న్యూజెర్సీలో చిన్న టౌన్‌షిప్. జనాభా 30 వేల లోపు. 2021లో వచ్చిన కోవిడ్ సహాయ చట్టం, అమెరికన్ రెస్క్యూ ప్లాన్ కింద మా ఊరికి సుమారు 29 లక్షల డాలర్లు అందాయి. ఎక్కువ భాగం ఎప్పుడో ఖర్చయిపోయింది: ఒక అంబులెన్స్, పోలీసులకు రేడియోలు, మునిసిపల్ బిల్డింగ్‌కి కొత్త ఏసీ. ఇంకా 4 లక్షల 60 వేలు మిగిలాయి. పోయిన వారం అజెండా బయటపెట్టారు. మిగిలినదంతా పార్కు పక్కన ఉన్న పార్కింగ్ లాట్‌కి తారు వేయడానికట. దాని గురించి ఉన్నది ఒకే ఒక్క లైను. మీటింగ్ 22న, మంగళవారం.

నేను 2020 ఏప్రిల్ నుంచి మా ఊరి ఫుడ్ ప్యాంట్రీలో (లేనివాళ్లకి ఉచితంగా సరుకులు ఇచ్చే చోటు) శనివారం శనివారం పని చేస్తున్నాను. ఒక చర్చి బేస్‌మెంట్‌లో నడుస్తుంది. కోవిడ్‌కి ముందు వారానికి నలభై కుటుంబాలు వచ్చేవట. ఆ ఏడాది మే నెలకల్లా కార్ల లైను పెట్రోల్ బంకు దాకా వెళ్లింది. ఒక శనివారం ఒకాయన మాస్కు కళ్ల దాకా లాక్కుని వచ్చి, నా టీ షర్టు మీద తెలుగు అక్షరాలు చూసి ఆగిపోయాడు. "అన్నా, ప్రాజెక్టు పోయింది. మనవాళ్లెవరికీ చెప్పకండి" అన్నాడు. ఆ సంచీలో బియ్యం రెండు ప్యాకెట్లు ఎక్కువ పెట్టడం తప్ప నేనేం చేయగలిగాను?

ఇప్పటికీ వారానికి నూట ముప్పై కుటుంబాలకి తగ్గడం లేదు. మా దగ్గర ఉన్నవి ఎవరో ఇచ్చిన నాలుగు ఇంటి ఫ్రీజర్లు. ఒకదాని మూత సరిగ్గా పడదు, తాడుతో కట్టి ఉంచుతాం. ఈ ఆగస్టులో రాత్రికి రాత్రి ఒక సర్క్యూట్ ట్రిప్ అయ్యి 300 పౌండ్ల చికెన్ పారేశాం. ఆ వాసన, ఆ నల్ల సంచులు మోసుకెళ్లిన దృశ్యం ఇంకా మర్చిపోలేదు. మనిషి లోపలికి నడిచి వెళ్లేంత పెద్ద వాక్-ఇన్ ఫ్రీజర్ ఒకటి, ఒక పాత వ్యాన్ కావాలి. రెండూ కలిపి లక్ష లోపే. కోవిడ్ కోసం వచ్చిన డబ్బు కోవిడ్ వల్ల ఆకలి పడ్డవాళ్లకి కాకుండా తారుకి ఎలా వెళ్తుంది? అసలు ఇలాంటివి ఎవరు, ఎక్కడ నిర్ణయిస్తారు? మీటింగులో మాలాంటివాళ్లకి మాట్లాడటానికి మూడు నిమిషాలు ఇస్తారు, ఏం మాట్లాడాలి?

ఎర్రమట్టి (టెక్సస్), 2024 అక్టోబర్ 14

మీ బాధ అర్థమైంది అన్నా. కానీ రెండో వైపు కూడా చెప్తాను, కోప్పడకండి. ఇది ఒక్కసారి వచ్చే డబ్బు. ఒక్కసారి చేసే పనికే పెట్టాలి. మా సిటీలో మూడేళ్ల కింద ఈ డబ్బుతో కొన్ని ఉద్యోగాలు పెట్టారు. ఇప్పుడు డబ్బు అయిపోయింది. ఆ జీతాలు ప్రాపర్టీ టాక్స్ నుంచి రావాలి, లేదా మనుషుల్ని తీసేయాలి. తారు వేస్తే కనీసం పదిహేనేళ్లు ఉంటుంది.

ఇంకొకటి. నన్నడిగితే తారూ కాదు, ఫ్రీజరూ కాదు, ముందు నీళ్ల పైపులు. రెస్క్యూ ప్లాన్‌లోనే తాగునీరు, డ్రైనేజీ, ఇంటర్నెట్ అని పేరు పెట్టి రాశారు. భూమి లోపల ఉన్నది కనపడదు కాబట్టి దాని కోసం మైకు ముందుకి ఎవరూ రారు.

గోదారిగట్టు, 2024 అక్టోబర్ 14

ఒక్కసారి పనికే పెట్టాలన్నది ఒప్పుకుంటాను తమ్ముడూ. ఫ్రీజర్ కూడా ఒక్కసారి కొనేదే కదా. జీతాలు అడగడం లేదు, మేమంతా వాలంటీర్లమే.

లెక్కలపుస్తకం (మిచిగన్), 2024 అక్టోబర్ 15

నేను ఒక సిటీ ఫైనాన్స్ డిపార్ట్‌మెంట్‌లో పని చేస్తాను. మూడున్నరేళ్లుగా ఈ నిధుల రిపోర్టులే నా పని. గోదారిగట్టు గారూ, మీరు అడిగిన రెండు ప్రశ్నల్లో "ఎవరు, ఎక్కడ నిర్ణయిస్తారు" అన్నదానికి ముందు జవాబు చెప్తాను. అది తెలిస్తే రెండోది మీకే తెలుస్తుంది.

2021 మార్చి 11న బైడెన్ సంతకం చేసిన ఆ చట్టంలో రాష్ట్రాలకి, కౌంటీలకి, సిటీలకి, ట్రైబల్ ప్రభుత్వాలకి కలిపి 35 వేల కోట్ల డాలర్లు పెట్టారు. పెద్ద సిటీలకి ట్రెజరీ శాఖ నేరుగా పంపింది. మీలాంటి 50 వేల లోపు ఊళ్లకి రాష్ట్రం ద్వారా వచ్చింది, జనాభాని బట్టి, రెండు విడతల్లో, ఏడాది తేడాతో. కోవిడ్‌కి ముందు ఊరి బడ్జెట్ ఎంతో అందులో 75 శాతం దాటకూడదని ఒక కట్టుబాటు కూడా పెట్టారు.

మొదట్లో నియమాలు చాలా బిగుతుగా ఉండేవి. ఆరోగ్యం, ఆర్థికంగా దెబ్బతిన్నవాళ్లు, ముందు వరసలో పని చేసినవాళ్లకి అదనపు జీతం, నీళ్లు-డ్రైనేజీ-ఇంటర్నెట్, కోవిడ్ వల్ల ఊరి ఖజానాకి తగ్గిన రాబడి. ఈ పద్దుల్లోనే ఖర్చు పెట్టాలి. రాబడి ఎంత తగ్గిందో లెక్క కట్టడానికి ఒక పెద్ద ఫార్ములా. 2022 జనవరిలో ట్రెజరీ తుది నియమాలు ఇస్తూ ఒక వెసులుబాటు ఇచ్చింది: లెక్క కట్టక్కర్లేదు, కోటి డాలర్ల దాకా "రాబడి నష్టం" అని మీరే చూపించుకోవచ్చు, వచ్చిన మొత్తానికి మించకుండా. ఆ పద్దులో పెడితే ఊరి ప్రభుత్వం మామూలుగా చేసే ఏ పనికైనా వాడొచ్చు. రోడ్డు, ఫైరింజన్, పార్కు, ఏదైనా. అప్పు తీర్చడానికి, పెన్షన్ ఫండ్‌లో వేయడానికి, రిజర్వులో దాచడానికి మాత్రం కుదరదు.

మీ ఊరికి వచ్చిందే 29 లక్షలు. అంటే మొత్తం ఆ పద్దులోనే వేసి ఉంటారు. కాబట్టి "కోవిడ్ డబ్బు తారుకి ఎలా పెడతారు" అని మైకులో అడిగితే, వాళ్ల లాయర్ ఒక్క నిమిషంలో జవాబు చెప్పేస్తాడు. చట్టప్రకారం పెట్టొచ్చు. ఆ దారిన వెళ్లకండి.

ఇక ఎక్కడ నిర్ణయిస్తారు. మైకు ముందు కాదు. ఊరి పనులన్నీ నడిపే అధికారి, అడ్మినిస్ట్రేటర్, ఒక రోజు అన్ని డిపార్ట్‌మెంట్లకి మెయిల్ పెడతాడు: "మిగిలిన నిధులకి మీ అవసరాలు శుక్రవారంలోగా పంపండి." పబ్లిక్ వర్క్స్ వాళ్ల దగ్గర ఎస్టిమేటు సిద్ధంగా ఉంటుంది. రేటు ముందే కుదిరిన కాంట్రాక్టరు ఉంటాడు. వాళ్లు గంటలో పంపేస్తారు. ఫుడ్ ప్యాంట్రీ ఏ డిపార్ట్‌మెంట్? ఏదీ కాదు. ఆ మెయిల్ మీకు రాదు. మీ ఊళ్లో ఎవరికో మీ మీద కక్ష ఉండి ఇలా జరగలేదు. లిస్టు తయారైన రోజు ఆ గదిలో మీ కాగితం లేదు, అంతే.

ఇప్పుడు గడువు. 2024 డిసెంబర్ 31 లోగా డబ్బుని కాంట్రాక్టుకో పర్చేజ్ ఆర్డర్‌కో (ఫలానాది కొంటున్నామని కంపెనీకి పంపే అధికారిక కాగితం) కట్టేయాలి. ఖర్చు చేయడానికి 2026 డిసెంబర్ 31 దాకా టైముంది. "ఫలానా పనికి కేటాయించాం" అని తీర్మానం చేస్తే చాలదు. సంతకం పెట్టిన ఒప్పందం ఉండాలి. లేకపోతే ఆ డబ్బు ట్రెజరీకి వెనక్కి పోతుంది. మీ అడ్మినిస్ట్రేటర్‌కి ఇప్పుడున్న టెన్షన్ అంతా అదే. ఆ టెన్షన్ తగ్గించే కాగితం మీరు చేతిలో పెడితే వింటాడు.

ఎర్రమట్టి, 2024 అక్టోబర్ 15

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఒక డౌట్ మేడమ్. ఫెడరల్ డబ్బు ఒక స్వచ్ఛంద సంస్థకి ఇస్తే వాళ్లు ఆడిట్, రిజిస్ట్రేషన్ నంబరు, రిపోర్టులు, ఇవన్నీ చేయాలి కదా? చర్చి బేస్‌మెంట్‌లో శనివారం పని చేసే వాలంటీర్లు అవన్నీ చేయగలరా?

లెక్కలపుస్తకం, 2024 అక్టోబర్ 15

మంచి ప్రశ్న. ఆరోగ్యం, ఆర్థిక సహాయం పద్దు కింద ఇస్తే అవన్నీ ఉంటాయి. రాబడి నష్టం పద్దు కింద అయితే డబ్బు తీసుకున్నవాళ్లని సబ్-రెసిపియెంట్లుగా, అంటే ఆ నియమాలన్నీ పాటించాల్సినవాళ్లుగా, చూడబోమని ట్రెజరీయే చెప్పింది. ఇంకా సులువైన దారి: డబ్బు ప్యాంట్రీకి ఇవ్వనే వద్దు. ఫ్రీజర్ టౌనే కొనాలి, ఆస్తి టౌన్ పేరు మీదే ఉండాలి, వాడుకోవడానికి ప్యాంట్రీకి ఒక ఒప్పందం రాసివ్వాలి. అప్పుడు కావలసింది ఒక్క పర్చేజ్ ఆర్డర్. డిసెంబర్ 31 లోగా అది బయటికి వెళ్తే చాలు, ఫ్రీజర్ మార్చిలో వచ్చినా ఇబ్బంది లేదు.

వ్యాన్ వదిలేయండి. ఇన్సూరెన్స్ ఎవరిది, డ్రైవర్ ఎవరు అని మొదలవుతుంది, డెబ్భై ఐదు రోజుల్లో తేలదు.

గోదారిగట్టు, 2024 అక్టోబర్ 15

వ్యాన్ వదలడానికి మనసొప్పడం లేదు అక్కా. నడవలేని పెద్దవాళ్లు ఇరవై మంది ఉన్నారు, వాళ్లకి మా సొంత కార్లలోనే తీసుకెళ్లి ఇస్తున్నాం. కానీ మీరు చెప్పింది నిజం. రెండూ అడిగితే రెండూ పోతాయి.

ఏటి ఒడ్డు (క్లీవ్‌లాండ్), 2024 అక్టోబర్ 15

మా ఊరి అనుభవం కూడా చెప్తాను. క్లీవ్‌లాండ్‌కి 51 కోట్ల డాలర్ల పైన వచ్చింది, దేశంలో ఎక్కువ అందుకున్న సిటీల్లో ఒకటి. అందులో కొంత భాగాన్ని ఎలా ఖర్చు పెట్టాలో జనమే ఓటు వేసి నిర్ణయించాలని ఇక్కడ ఒక ఉద్యమం నడిచింది. మొదట 3 కోట్ల 8 లక్షల డాలర్లు అడిగారు. తర్వాత 50 లక్షలకి తగ్గారు. అదీ కౌన్సిల్ ఒప్పుకోలేదు. వాళ్లు అక్కడితో ఆగలేదు. సిటీ బడ్జెట్లోనే ఏటా కొంత జనం చేతికి ఇవ్వాలని, సిటీ మూల చట్టమైన చార్టర్ సవరణ కోసం సంతకాలు సేకరించి, 2023 నవంబర్‌లో ఇష్యూ 38 పేరుతో బ్యాలెట్ మీదకి తెచ్చారు. చాలా తక్కువ తేడాతో ఓడిపోయింది.

నేనూ ఆ సంతకాల కోసం తిరిగాను. ఒక పెద్దావిడ తలుపు తీసి, "నా వీధి దీపం రెండేళ్లుగా వెలగడం లేదు, అది బాగు చేయిస్తావా, నువ్వు చూపించిన చోటల్లా సంతకం పెడతాను" అంది. ఆవిడకి పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. తన వీధి దీపం గురించి తనని ఎవరైనా అడగాలి, అంతే. కౌన్సిల్ మెంబర్ల వాదన కూడా విన్నాను: "మమ్మల్ని ఎన్నుకున్నదే ఇందుకు, బాధ్యత మాది." అది కొట్టిపారేసే మాట కాదు. కానీ అడగకుండా చేసే నిర్ణయం వేరు, అడిగి చేసే నిర్ణయం వేరు.

మీ రాష్ట్రంలోనే, మిచిగన్‌లో, గ్రాండ్ రాపిడ్స్ సిటీ ఆ పని చేసింది కదా మేడమ్?

లెక్కలపుస్తకం, 2024 అక్టోబర్ 16

చేసింది. రెస్క్యూ ప్లాన్ డబ్బులో 20 లక్షల డాలర్లు పక్కన పెట్టి, జనం దగ్గర ఆలోచనలు తీసుకుని, 2022లో ఓటింగ్ పెట్టారు. మొత్తం వచ్చిన దానిలో అది చిన్న ముక్కే. కానీ ఇలాంటి పని నడపడానికి మనుషులు కావాలి, ఏడాది టైము కావాలి. లైబ్రరీల్లో, బస్టాపుల దగ్గర కూర్చుని కాగితాలు నింపించాలి. 30 వేల మంది ఊళ్లో అడ్మినిస్ట్రేటర్, క్లర్కు, ఫైనాన్స్ ఆఫీసరు, ఈ ముగ్గురే అన్నీ చూసుకోవాలి. అందుకే చిన్న ఊళ్లలో ఎక్కువగా అంబులెన్సులు, తారు, ఏసీలు కనిపిస్తాయి.

మునగచెట్టు (ఫ్లోరిడా), 2024 అక్టోబర్ 16

చిన్న ఊళ్లని అంటున్నారు. మా బ్రోవార్డ్ కౌంటీ ఈ నిధుల్లోంచి 14 కోట్ల డాలర్లు కన్వెన్షన్ సెంటర్ పక్కన పెద్ద హోటల్ కట్టడానికి కేటాయించింది. పైన సముద్రం కనిపించే గదులు, స్పా, అన్నీ ఉన్న హోటల్. న్యూయార్క్ రాష్ట్రంలో డచెస్ కౌంటీ 1 కోటి 20 లక్షల డాలర్లు మైనర్ లీగ్ బేస్‌బాల్ స్టేడియం బాగు చేయడానికి పెట్టింది. ఉద్యోగాలొస్తాయి, టూరిస్టులొస్తారు అని చెప్పారు. కావచ్చు. కానీ 2020లో హోటళ్లలో పని పోగొట్టుకున్న మనుషులు మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లోనే ఉండేవాళ్లు. ఉదయాన్నే పిల్లల్ని తీసుకుని స్కూల్ బస్సు ఆగే చోట ఇచ్చే భోజనం ప్యాకెట్ల కోసం నిలబడేవాళ్లు. కొత్త హోటల్ లాబీలో నిలబడితే వాళ్లెవరూ గుర్తుకి రారు.

అదే డబ్బుతో టొలీడో సిటీ, అక్కడి లూకాస్ కౌంటీ కలిసి ఏం చేశాయో చూడండి. ఇద్దరూ చెరి 8 లక్షలు వేశారు. మొత్తం 16 లక్షలు. పేదవాళ్ల ఆస్పత్రి బాకీలని అసలు విలువలో చాలా కొద్ది భాగానికే కొనేసి రద్దు చేసే ఒక సంస్థ ద్వారా 24 కోట్ల డాలర్ల దాకా బాకీలు తీర్చవచ్చని అంచనా వేశారు. షికాగో 5,000 కుటుంబాలకి నెలకి 500 డాలర్ల చొప్పున ఏడాది పాటు ఇచ్చింది. చట్టం ఒకటే, పద్దులు అవే. ఎవరి మొహం తలుచుకుని లిస్టు రాశారన్నదే తేడా.

ఎర్రమట్టి, 2024 అక్టోబర్ 16

ఆస్పత్రి బాకీల సంగతి నాకు తెలియదు. చాలా మంచి పని. నా పైపుల వాదన అలాగే ఉంచుకుంటాను కానీ, దాని మీద ఇప్పుడు మళ్లీ వాదించను.

కొల్లేరుగాలి (పశ్చిమ గోదావరి), 2024 అక్టోబర్ 17

నేను ఇండియా నుంచి రాస్తున్నాను. 2021 ఫిబ్రవరి ఎన్నికల్లో మా పంచాయతీలో వార్డు మెంబరుగా గెలిచాను. మీ చర్చ రాత్రి రెండు గంటల దాకా చదివాను.

ఇక్కడ మాకు వచ్చేది 15వ ఆర్థిక సంఘం డబ్బు. 2021 నుంచి 2026 దాకా దేశం మొత్తం మీద స్థానిక సంస్థలకి 4 లక్షల 36 వేల కోట్ల రూపాయల పైన సిఫార్సు చేశారు. కోవిడ్ చూశాక అందులో 70 వేల కోట్లు ప్రత్యేకంగా ఆరోగ్యానికే పెట్టారు, సబ్ సెంటర్లకి, పరీక్షలకి, అలాంటి వాటికి. పంచాయతీలకి వచ్చే గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలి. మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి, కానీ జీతాలకి వాడకూడదు. కాగితం మీద మీకన్నా మాదే జనం చేతిలో ఉన్న పద్ధతి: గ్రామసభ పెట్టాలి, ప్రణాళిక రాయాలి, ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైట్‌లో ఎక్కించాలి. ఎవరైనా ఫోన్‌లోనే చూసుకోవచ్చు.

జరిగింది చెప్తాను. సెకండ్ వేవ్‌లో మా ఊళ్లో వరసగా చావులు. బ్లీచింగ్, హైపోక్లోరైట్, స్ప్రేయర్లు టౌన్‌లో ఒక షాపులో అప్పు మీద తెచ్చాం, డబ్బు రాగానే ఇస్తామని. డబ్బు వచ్చింది. వీధి దీపాల కరెంటు పాత బకాయి కింద మా ఖాతాలోంచి సర్దేశారు. మాకు కనీసం ఫోన్ కూడా చేయలేదు, బ్యాంకుకి వెళ్తే తెలిసింది. మాకొక్కళ్లకే కాదు, ఆ రోజుల్లో ఆంధ్రలో సర్పంచులు రోడ్డెక్కింది కూడా దీని గురించే. షాపు ఆయన ఏడాదిన్నర మా ఇంటి ముందు నుంచి వెళ్తూ తల తిప్పుకునేవాడు. ఆయనకి కట్టాల్సిన 38 వేలు చివరికి మేం మెంబర్లం తలా కొంత వేసుకుని ఇచ్చాం.

గ్రామసభ అంటారా, సంతకాల పుస్తకం ఇంటింటికీ తిరుగుతుంది. అందుకే చెప్తున్నా గోదారిగట్టు అన్నా, మీకు మూడు నిమిషాలు నిజంగా మాట్లాడే అవకాశం ఉంది, అజెండా వారం ముందే చేతికి వస్తోంది. అది వదులుకోవద్దు.

గోదారిగట్టు, 2024 అక్టోబర్ 17

తమ్ముడూ, మీ మెసేజ్ మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. ఆ 38 వేల సంగతి విని ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు.

మా నాన్న కూడా రెండు సార్లు పంచాయతీ మెంబరు. ఎండాకాలం చేతి పంపు దగ్గర బిందెల లైను చూసి వచ్చి అన్నం తినేవాడు కాదు. ఆయన ఉండి ఉంటే ఈ మీటింగుకి నాతో వచ్చేవాడు.

అక్కా, మీరు చెప్పినట్టు ఈ రోజు అడ్మినిస్ట్రేటర్‌కి మెయిల్ రాశాను. మూడు ఫ్రీజర్ కంపెనీల దగ్గర కొటేషన్లు తీసుకున్నాను. పది అడుగులకి పన్నెండు అడుగుల వాక్-ఇన్, బిగింపు, కరెంటు లైనుతో కలిపి 58 వేల చిల్లర. మాట్లాడేది ఇలా రాసుకున్నాను, చూడండి:

"నా పేరు ఫలానా. పదకొండేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను. పార్కింగ్ లాట్‌కి నేను వ్యతిరేకిని కాను. మిగిలిన నిధుల్లోంచి 60 వేలు మాత్రం ఊరి ఫుడ్ ప్యాంట్రీ వాడుకునే ఫ్రీజర్‌కి పక్కన పెట్టమని అడుగుతున్నాను. ఫ్రీజర్ టౌన్ కొని, టౌన్ ఆస్తిగానే ఉంచుకోవచ్చు. కొటేషన్లు ఇవిగో. పర్చేజ్ ఆర్డర్ డిసెంబర్ 31 లోగా ఇస్తే చాలు." తర్వాత ఆగస్టులో పారేసిన చికెన్ ఫొటో చూపిస్తాను.

ఏటి ఒడ్డు, 2024 అక్టోబర్ 17

ఫొటో ముందు చూపించండి. లెక్క తర్వాత. మూడు నిమిషాల్లో రెండున్నర దాటాక ఎర్ర లైటు వైపు చూడటమే సరిపోతుంది, నాకు అనుభవం.

లెక్కలపుస్తకం, 2024 అక్టోబర్ 18

చాలా బాగుంది. రెండు మార్పులు చేయండి. ఒకటి, పార్కింగ్ లాట్ ఎస్టిమేటులో మొదటి, రెండో దశలు విడివిడిగా ఉన్నాయేమో అజెండా ప్యాకెట్‌లో చూడండి. ఉంటే "రెండో దశలో చివరి గీతలు, పూల మొక్కలు వచ్చే ఏడాది బడ్జెట్‌కి జరిపితే ఈ 60 వేలు దొరుకుతాయి" అని మీరే దారి చూపించండి. ఎక్కడినుంచి తేవాలో చెప్పకుండా అడిగితే వాళ్లకి కాదనడం సులువు.

రెండు, అజెండాలో ఆ లైను కన్సెంట్ అజెండాలో ఉందేమో చూడండి. అందులో ఉంటే ఇరవై అంశాలు ఒకే ఓటుతో, చర్చ లేకుండా పాసవుతాయి. దాన్ని విడిగా తీసి చర్చించమని, ఓటు వేసే టౌన్‌షిప్ కమిటీలో ఒక మెంబరైనా అడగాలి. మంగళవారం లోగా ఒకరితో మాట్లాడండి.

గోదారిగట్టు, 2024 అక్టోబర్ 20

ప్యాకెట్ 214 పేజీలు ఉంది. శనివారం ప్యాంట్రీ అయ్యాక కూర్చుని మొత్తం చదివాను. 163వ పేజీలో మీరు చెప్పినట్టే రెండు దశలు ఉన్నాయి! రెండో దశ 71 వేలు: లైట్ స్తంభాలకి రంగు, చెట్లు, బోర్డులు. కన్సెంట్ అజెండాలోనే ఉంది. ఒక కమిటీ మెంబరు పిల్లాడు, మా అమ్మాయి ఒకే బ్యాండ్‌లో ఉన్నారు. ఆవిడతో పార్కింగ్‌లోనే నిలబడి పావుగంట మాట్లాడాను. విడిగా తీయమని అడుగుతానంది. ప్యాంట్రీ గురించి ఆవిడకి తెలుసట, కానీ ఫ్రీజర్లు పాడైన సంగతి తెలియదట. నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పకపోవడం మా తప్పే.

గోదారిగట్టు, 2024 అక్టోబర్ 23

నిన్న రాత్రి మీటింగ్ అయింది. ఇంటికొచ్చేసరికి పదకొండున్నర.

ఆవిడ మాట నిలబెట్టుకుంది, ఆ అంశాన్ని విడిగా తీయించింది. నా వంతు వచ్చేసరికి చేతులు వణికాయి. పదిహేనేళ్లుగా ఆఫీసులో ప్రెజెంటేషన్లు ఇస్తున్నాను, అయినా నోరు ఎండిపోయింది. ఫొటో ఎత్తి పట్టుకున్నాను. హాల్లో ఎవరో "అయ్యో" అన్నారు. మా చర్చి పెద్దాయన, ఎనభై ఏళ్లుంటాయి, నా వెనకాలే లేచి, "ఈ మనిషి చెప్పింది నిజం, ఆ తాడు కట్టింది నేనే" అన్నాడు.

పబ్లిక్ వర్క్స్ డైరెక్టరు మాట కూడా రాయాలి. ఆయన మంచివాడు. "ఆ లాట్‌లో గుంటల వల్ల పోయిన చలికాలం ఇద్దరు పెద్దవాళ్లు పడ్డారు, ఒకరికి తుంటి విరిగింది. నాకు తారు అంటే సరదా కాదు" అన్నాడు. నేను మొదటి పోస్టులో రాసిన దానికి సిగ్గుపడ్డాను. మొదటి దశ తప్పకుండా కావాలి, రెండో దశ వచ్చే ఏడాది బడ్జెట్‌లో పెట్టుకుంటాను అని ఆయనే ఒప్పుకున్నాడు.

ఓటు వేయలేదు. టౌన్ లాయర్ ఆస్తి ఒప్పందం చూడాలన్నాడు. నవంబర్ 12కి వాయిదా.

కొల్లేరుగాలి, 2024 అక్టోబర్ 23

వాయిదా అంటే భయం వేస్తుంది అన్నా. మా దగ్గర వాయిదా అంటే లేనట్టే. వదలకుండా అడుగుతూ ఉండండి.

గోదారిగట్టు, 2024 నవంబర్ 13

4-1 ఓట్లతో పాసైంది. ఫ్రీజర్‌కి 60 వేలకి మించకుండా. తీర్మానంలో "రాబడి నష్టం" అన్న మాట చూసి అక్క గుర్తొచ్చారు. వ్యతిరేకంగా ఓటు వేసినాయన ఇలాంటివి ఏటా అడుగుతారని భయపడ్డాడు. మీటింగ్ అయ్యాక నా దగ్గరికి వచ్చి చేయి కలిపి, "కరెంటు బిల్లు ఎవరు కడతారో అది మాత్రం రాయించండి" అన్నాడు. చర్చి కడుతుందని ఒప్పందంలో రాయించాం.

లెక్కలపుస్తకం, 2024 నవంబర్ 13

కళ్లలో నీళ్లు తిరిగాయండి. ఇంకా అయిపోలేదు, పర్చేజ్ ఆర్డర్ నంబరు వచ్చేదాకా నిద్రపోకండి. డిసెంబర్ రెండో వారంలో క్లర్కుకి ఒకసారి ఫోన్ చేయండి. సెలవుల్లో కాగితాలు టేబుల్ మీదే ఉండిపోతాయి.

గోదారిగట్టు, 2024 డిసెంబర్ 17

ఫోన్ చేశాను. టేబుల్ మీదే ఉంది. నిన్న పంపారు. నంబరు రాసి పెట్టుకున్నాను.

మునగచెట్టు, 2025 మార్చి 30

గోదారిగట్టు గారూ, ఫ్రీజర్ వచ్చిందా? ప్రతి శనివారం మీరే గుర్తొస్తున్నారు.

గోదారిగట్టు, 2025 మే 11

ఆలస్యానికి క్షమించండి. ఏప్రిల్ 5న బిగించారు. తలుపు మూస్తే లోపల ఒక చప్పుడు వస్తుంది, గట్టిగా, బరువుగా. మా పెద్దాయన పాత తాడు విప్పి జేబులో పెట్టుకున్నాడు. మొదటి వారం 900 పౌండ్ల ఫ్రోజెన్ చికెన్, బఠానీలు తీసుకున్నాం. ఇంతకుముందు స్థలం లేదని వద్దనేవాళ్లం.

ఏప్రిల్ 30 లోగా టౌన్ ట్రెజరీకి పంపాల్సిన రిపోర్టు కాపీ అడిగి తెచ్చుకున్నాను. అందులో మాది ఒక్క లైను. అన్ని పేజీల్లో అది వెతికి, పెన్నుతో కింద గీత గీశాను.

వ్యాన్ కోసం ఈసారి వచ్చే ఏడాది బడ్జెట్ మొదలవకముందే, సెప్టెంబర్‌లోనే కాగితం ఇస్తాను. కొల్లేరుగాలి తమ్ముడూ, మీ ఊరి ప్రణాళిక ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో చూశాను, అందులో మంచినీళ్ల ట్యాంకు రిపేరుకి రాసిన మొత్తం రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది. ఒకసారి కార్యదర్శిని అడగండి.

కొల్లేరుగాలి, 2025 మే 12

ఇప్పుడే చూశాను అన్నా. నిజమే. రేపు పొద్దున్నే పంచాయతీ ఆఫీసుకి వెళ్తున్నాను, ప్రింటు తీసుకుని.